ఆ ఎర్ర బట్టలవాళ్ళు వేరు, ఈ ముసుగులవాళ్ళు వేరు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో అంతరిక్షంలో నడిచే హాలీవుడ్ కథ స్టార్ వార్స్ మీద వేసిన వ్యాసం చదివాను. ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకోవాలి కదా, తెలుగు పేపర్లో ఇలాంటి విషయానికి పేజీ మొత్తం ఇచ్చారంటే మా ఇంట్లో అది పండగే. పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి ఆ పేజీ కత్తిరించి బీరువా తలుపు లోపలివైపు అంటించుకున్నాడు. రెండు రోజులయ్యాక వాడే దాని మీద స్కెచ్ పెన్నుతో ఈ మూల నుంచి ఆ మూలకి ఇంటూ కొట్టేశాడు. ఏమైందిరా అంటే, "ఫోటో చూడు నాన్నా" అన్నాడు.

వాడు చెప్పింది నిజమే. మీరు రాసింది జెడైల, అంటే ఆ కథలో సన్యాసుల్లాంటి యోధుల మందిరాన్ని కాపలా కాసే ముసుగు దళం గురించి, వేసిన ఫోటో మాత్రం ఎర్ర అంగీలు, ఎర్ర శిరస్త్రాణాలు వేసుకున్న వాళ్ళది. వాళ్ళు జెడైల శత్రువైన చక్రవర్తి సొంత అంగరక్షకులు. 1983లో వచ్చిన 'రిటర్న్ ఆఫ్ ద జెడై'లో చక్రవర్తి కంటే ముందు ఓడ లోంచి దిగి వస్తారు, సింహాసనం గదిలో కర్రల్లా నిలబడతారు, ఆయన బయటికి పొమ్మంటే పోతారు, ఇంక అంతే. అంత హంగామాతో వచ్చి సినిమా మొత్తంలో ఒక్క మాట మాట్లాడరు, ఒక్క దెబ్బ కొట్టరు. 2005లో వచ్చిన 'రివెంజ్ ఆఫ్ ద సిత్' సినిమాలో అయితే జెడైల ముసలి గురువు యోడా గదిలోకి వస్తూ చెయ్యి ఊపేసరికి ఇద్దరూ గోడకి కొట్టుకుని పడిపోతారు, మా ఇంట్లో ఆ ముక్క రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాం.

మందిరం కాపలావాళ్ళు వీళ్ళకి పూర్తిగా ఎదురు పక్షం. 2008లో మొదలైన 'ది క్లోన్ వార్స్' యానిమేషన్ సీరియల్లో కనిపిస్తారు. ముఖమంతా మూసేసే ముసుగు, తల మీదుగా అంగీ, చేతిలో ఈటె అంత పొడుగు పిడికి రెండు చివర్లా వెలిగే పసుపు లైట్‌సేబర్, అదే జెడైల వెలుగు కత్తి. నీలం, ఆకుపచ్చ చూసి చూసి ఉన్న కళ్ళకి ఆ పసుపు ఒక్కసారి కనిపిస్తే చాలు, ఎవరో తెలిసిపోతుంది. వీళ్ళు కూలికి పెట్టుకున్న సైనికులు అనుకుంటే పొరపాటు, అందరూ జెడైలే. ఆ ఉద్యోగంలోకి వచ్చాక మాత్రం పేరు పక్కన పెట్టేయాలి, ముఖం కనపడకూడదు, ముసుగు వెనక ఎవరున్నారో ఎదురుగా నిలబడ్డ తోటి జెడైకి కూడా తెలియకూడదు. అసలే జెడైలు పసితనంలోనే పిల్లల్ని తెచ్చుకుని బంధాలు వద్దంటూ పెంచుతారు. అమ్మా నాన్నా పోయాక మిగిలేది పేరొక్కటే, దాన్ని కూడా గుమ్మం దగ్గర వదిలేయమంటారన్నమాట.

ఇంకో చిన్న మాట, ఫోటో గొడవ అంత పెద్దది కాదు. మీ వ్యాసకర్త దాన్ని 'దేవాలయం' అన్నారు. అక్కడ దేవుడు లేడు, విగ్రహం లేదు, హారతి లేదు. కొరసాంట్ అనే మహానగరం మధ్య ఐదు గోపురాల్లాంటి బురుజులున్న కట్టడం అది, లోపల పిల్లలకి చదువు, కత్తిసాము నేర్పే హాళ్ళు, పెద్ద గ్రంథాలయం, పెద్దలు కూర్చునే సభ. మన లెక్కలో అది మఠం. కాపలావాళ్ళకి కూడా 'రక్షక భటులు' అన్న ముక్క ఎందుకండీ, ట్రాఫిక్ దగ్గర నిలబడ్డట్టు ఉంది, మనకి ద్వారపాలకులు అన్న మాట ఉంది. ఆ మాట వాడి ఉంటే వ్యాసం ఇంకోలా నడిచేదని నా అనుమానం, దాని సంగతి కిందికి వస్తాను.

ఇప్పుడు అసలు గొడవ. "ఎదుటివాడిని భయపెట్టడానికే ఆ ముసుగు" అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఈ వాక్యం నేను పైకి చదువుతుంటే అరుగు మీద కూర్చున్న మా నాన్న, "ఎవుడు రాసేడ్రా అది? ఎప్పుడైనా గేటు కాడ నిల్చున్నాడేటి ఆడు?" అన్నాడు.

మా నాన్న నిల్చున్నాడు. విజయనగరం దగ్గర ఒక జనపనార మిల్లులో ఇరవయ్యారేళ్ళు వాచ్‌మేన్, మిల్లు పేరు వద్దు లెండి. ఖాకీ చొక్కా, మూడు బ్యాటరీల టార్చి, చలికాలం అయితే చొక్కా లోపల పాత స్వెట్టరు. గోగునార బేళ్ళు వేసుకుని లారీలొస్తే నంబరు రాసుకోవడం, గోనె సంచులు బయటికెళ్తుంటే కాయితం చూసి లెక్కపెట్టడం. షిఫ్టు వదిలినప్పుడు గేటు దాటే వాళ్ళని తడిమి చూడాలి. అలా తడిమించుకునేవాళ్ళలో మా మేనమామ ఉండేవాడు, మా పక్కింటాయన ఉండేవాడు, నా స్నేహితుడి తండ్రి ఉండేవాడు. పండక్కి వాళ్ళింటికెళ్తే ఎవరూ ఏమీ అనరు గానీ ఏదో బిగుసుకుపోయినట్టు ఉండేది. "నాకూ అలాటి ముసుగొకటి ఇచ్చుంటే బావుణ్ణు, మీ మావయ్యని తడమడానికి సిగ్గుండేది కాదు" అని మొన్న ఆ సీరియల్ చూస్తూ అన్నాడు. ముసుగు దేనికో డెబ్బై నాలుగేళ్ళ మనిషి నాకు అరనిమిషంలో చెప్పేశాడు. ముఖం తెలియనివాడికి ఎవరూ మొహమాటం పెట్టలేరు, లంచం ఇవ్వాలన్నా ఎవరికిస్తున్నారో తెలియాలి, రేపు పగ తీర్చుకోవాలన్నా ఇంటి అడ్రసు కావాలి. భయం సంగతి ఆ తర్వాత.

కాకపోతే దానికో ఖర్చు ఉంది, మీ వ్యాసంలో లేనిది అదే. ఆ దళం మొత్తంలో కథలో బాగా లోతుగా తెలిసేది ఒక్కడే ఒక్కడు, అతను మీ వ్యాసంలో ఒక్క అక్షరానికి కూడా నోచుకోలేదు.

2014లో మొదలైన 'స్టార్ వార్స్ రెబెల్స్'లో గ్రాండ్ ఇంక్విజిటర్ అని ఒక విలన్ వస్తాడు. పాలిపోయిన ముఖం, ఎర్ర గీతలు, చక్రవర్తి జెడైలని చంపించేశాక మిగిలిపోయినవాళ్ళని వెతికి వెతికి చంపడం అతని పని. మఠం తెలిసినవాడిలా మాట్లాడతాడు, ఎదుటివాడి కత్తిసాము చూసి ఏ గురువు దగ్గర నేర్చుకున్నాడో చెప్పేస్తాడు, ఇతనికి ఇదంతా ఎలా తెలుసురా అని మనం అనుకుంటూనే ఉంటాం. మొదటి సీజన్ చివర్లో, 2015లో, ఓడిపోయి, చావుకంటే భయంకరమైనవి ఉన్నాయని చెప్పి, చెయ్యి వదిలేసి మంటల్లోకి పడిపోతాడు. అయిపోయింది అనుకుంటాం. 2016లో రెండో సీజన్లో కానన్ అనే జెడైకి ఒక పాత మందిరంలో దర్శనం లాంటిది అవుతుంది. ఈ కానన్ చిన్నప్పుడే గురువుని పోగొట్టుకున్నవాడు, నైట్ అని, అంటే పూర్తి స్థాయి జెడై అని ఎవరూ పట్టం కట్టనివాడు. ఆ దర్శనంలో పసుపు కత్తి పట్టుకున్న ముసుగు ద్వారపాలకుడు ఎదురై అతనితో పోరాడతాడు, చివరికి కానన్ కత్తి వదిలేసి మోకాళ్ళ మీద కూర్చుంటే, ఆ ద్వారపాలకుడే అతన్ని నైట్‌ని చేస్తాడు. ముసుగు తీస్తే అతనే. ఇన్నాళ్ళు వేటాడినవాడు ఒకప్పుడు అదే మఠం గుమ్మం కాసినవాడు.

మా వాడు చిన్నప్పుడు ఒకసారి చూసేసిన కథే, అయినా నా మొహం చూడ్డానికి నా వైపే తిరిగి కూర్చున్నాడు. మా నాన్నకి ఇంగ్లీషు రాదు, వాడు ఆపి ఆపి చెప్తుంటే విన్నాడు. విని, "మరి ఆణ్ణి లోపలికి రానిచ్చేవోరా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకి జవాబు ఉంది, అదే నన్ను ఈ ఉత్తరం రాయించింది. జెడైగా ఉండి చక్రవర్తి వైపు వెళ్ళిపోయిన డార్త్ వేడర్ పేరుతో 2017లో మొదలైన కామిక్స్‌లో ఈ ఇంక్విజిటర్, మఠం కూలిపోయాక అదే గ్రంథాలయంలో తీరిగ్గా చదువుకుంటూ కనిపిస్తాడు. తను జెడైగా ఉన్నప్పుడు అతనికి అక్కడి కొన్ని అరలు నిషిద్ధం, చదవనివ్వలేదు. జీవితమంతా ధారపోసిన చోట ఏముందో తనకే తెలియనివ్వలేదన్న కడుపుమంట అతనిది. ఇందులో నాకు పరాయి దేశం వాసన ఏమీ కొట్టలేదు. మా నాన్న ఇరవయ్యారేళ్ళలో మిల్లు హూటరు ఏ నిమిషానికి మోగుతుందో చెప్పగలడు, నారకి కొట్టే నూనె వాసన చొక్కాకి పట్టి ఉతికినా పోయేది కాదు, కానీ మగ్గాలు నడుస్తుంటే లోపల నిలబడి చూసింది రిటైరయ్యే రోజునే. అదీ సూపర్‌వైజరుని అడిగి. "ఇంత చప్పుడేట్రా బాబూ" అన్నాడట.

మీ వ్యాసకర్తకి ద్వారపాలకులు అన్న మాట తట్టి ఉంటే అన్నది ఇందుకే. గుమ్మం కాసినవాడే శత్రువై పుట్టడం అన్నది మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు కదండీ. జయవిజయులు ఎవరు మరి? వైకుంఠంలో ఏడో వాకిలి దగ్గర సనకసనందనాదుల్ని, చూస్తే ఐదేళ్ళ పిల్లల్లా ఉన్నవాళ్ళని, ఆపారు. ఆ మునులు వీళ్ళని శపించారు. ఏడు జన్మలు భక్తులుగా పుడతారా, మూడు జన్మలు శత్రువులుగానా అంటే, తొందరగా వెనక్కి రావచ్చని మూడే అడిగారు. హిరణ్యాక్ష హిరణ్యకశిపులు, రావణ కుంభకర్ణులు, శిశుపాల దంతవక్త్రులు, ఇంతమంది విలన్లూ ఒకే గేటు డ్యూటీ వాళ్ళు.

అందులోనూ మా వైపు వాళ్ళకి ఇది మరీ దగ్గర. సింహాచలం అప్పన్న వరాహమూ నరసింహుడూ కలిసిన రూపం. వరాహం చంపింది హిరణ్యాక్షుణ్ణి, నరసింహుడు చంపింది హిరణ్యకశిపుణ్ణి. ఏడాదంతా ఆ రూపం చందనం కింద ఉంటుంది, అక్షయ తృతీయ ఒక్కరోజే నిజరూప దర్శనం. ఆ క్యూలో నాలుగు గంటలు నిలబడి ఒకసారి మా నాన్న నా చెవిలో "ఇద్దరు వాచ్‌మేన్లని పడగొట్టిన సామిరా" అన్నాడు, నవ్వాపుకోలేక ముందున్న ఆవిడ చేత చీవాట్లు తిన్నాను. ఏ విష్ణాలయానికి వెళ్ళినా గర్భగుడి గుమ్మానికి అటొకరు ఇటొకరు గద పట్టుకుని ఉంటారు, మన చూపంతా లోపలికే, వాళ్ళ మొహం ఎప్పుడైనా పరీక్షగా చూశామా. నేను చూడలేదు. మా నాన్న మాత్రం ముందు వాళ్ళకి దండం పెట్టి కదుల్తాడు, ఇది భక్తో యూనియనో నాకు తెలియదు.

భాగవతంలో నాకు నచ్చే సంగతి శాపం తర్వాతది. గొడవ విని విష్ణువు తనే లేచి నడిచి గుమ్మం దగ్గరికి వస్తాడు, సేవకులు చేసిన తప్పు యజమానికే చెందుతుంది కాబట్టి అపరాధం నాదే అని మునులతో అంటాడు. జెడై పెద్దల సభలో ఆ పని చేసినవాడు ఒక్కడు నాకు కనపడలేదు. పైన బురుజులో గుండ్రంగా కూర్చుని తీర్మానాలు చేస్తారు, కింద గుమ్మం దగ్గర ముసుగు వేసుకున్నవాడి మనసులో ఏం కుళ్ళుతోందో, ఎదుటివాళ్ళ మనసు చదవగలిగిన ఇంతమందిలో ఒక్కడికీ పట్టలేదు. ముసుగు వేసింది వాళ్ళే, దాని వెనక చూడకూడదని నియమం పెట్టుకుంది కూడా వాళ్ళే. మా నాన్న సంగతి చెప్తే మీకు ఇంకా బాగా అర్థమవుతుంది. ఒక రాత్రి రెండున్నరకి ఒక కారు వచ్చింది, పాసు లేదు, రిజిస్టర్లో సంతకం పెట్టండి బాబూ అన్నాడు, వెనక సీట్లో ఉన్నది యజమాని బంధువట. సంతకం లేకుండా ఎవర్నీ వదలొద్దని గోడ మీద బోర్డు రాయించిన అధికారే పొద్దున్న మెమో ఇచ్చాడు. పదకొండు రోజులు సస్పెన్షన్, జీతం లేదు. మా అమ్మ ఆ నెల బియ్యం అప్పుగా తెచ్చింది. నాన్న వెళ్ళి సనకసనందనుల్లాగా శపించలేదు, ఇంక్విజిటర్ లాగా ఎవర్నీ వేటాడలేదు, పన్నెండో రోజు వెళ్ళి అదే రిజిస్టరు తెరిచాడు. కానీ ఆ తర్వాత ఏ కారునీ ఆపలేదని ఈ మధ్యనే చెప్పాడు. ఏ మఠానికైనా ఇంతకంటే పెద్ద నష్టం ఉంటుందని నేననుకోను.

మందిరం కూలిన రాత్రి గురించి కూడా మీరు రెండు ముక్కలు రాశారు, "రక్షకులు విఫలమయ్యారు" అని. 2005 సినిమా చూసినవాళ్ళకి తెలుసు, క్లోన్ సైనికుల్ని వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చింది అనాకిన్, పైన చెప్పిన డార్త్ వేడర్ అతనే, వాళ్ళింటి పిల్లాడే. అతన్ని ఏ ద్వారపాలకుడు ఆపాలండీ? పాసు ఉన్నవాడు కదా. ఆ సినిమాలో ఈ ముసుగులవాళ్ళు అసలు కనిపించరు, ఎందుకంటే వాళ్ళ రూపం తయారైందే తర్వాత సీరియల్ కోసం. ఆ సినిమాలో అనాకిన్ చేతిలో పోతూ కనిపించే కత్తిసాము గురువు పేరు సిన్ డ్రాలిగ్. ఆ వేషం వేసింది ఆ సినిమాకి కత్తియుద్ధాలు కూర్చిన నిక్ గిలార్డ్, పేరునీ ఇంటిపేరునీ విడివిడిగా వెనకనుంచి చదివితే అదే పేరు. ఇది మా వాడు కనిపెట్టానని రెండు రోజులు ఎగిరాడు, అప్పటికే లోకమంతటికీ తెలుసని నేను చెప్పలేదు.

కాపలాదారుల చరిత్రలో మరీ దారుణమైనవి ఉన్నాయి, అవి చూస్తే ఈ ముసుగులవాళ్ళు దేవుళ్ళు. రోమ్‌లో ప్రిటోరియన్ గార్డులని ఉండేవారు, చక్రవర్తి సొంత దళం. 193లో చక్రవర్తి పెర్టినాక్స్‌ని వాళ్ళే చంపి, సింహాసనాన్ని వేలానికి పెట్టారు, మన ఊళ్ళో చేపల చెరువు వేలం వేసినట్టు. డిడియస్ జూలియానస్ అనే పెద్దమనిషి పాడుకున్నాడు, 66 రోజులు ఏలాడు, అతన్నీ చంపేశారు. 66 అనగానే మా అబ్బాయి ఎగిరి గంతేశాడు, జెడైలని చంపమని చక్రవర్తి ఇచ్చిన ఆజ్ఞ నంబరు కూడా 66 మరి. యాదృచ్ఛికమేనని నేను, కాదని వాడు, ఇంకా తెగలేదు. అంత దూరం ఎందుకు, 1757లో బొబ్బిలి యుద్ధం అయిపోయాక చుట్టూ అంత సైన్యం ఉండగానే తాండ్ర పాపారాయుడు డేరాలోకి దూరి విజయరామరాజుని చంపేశాడు. ఆ రాత్రి డేరా గుమ్మం ఎవరు కాశారో ఏ పాటలోనూ నేను వినలేదు.

ఆ రాజుగారి చెల్లెలే కదా మా పైడితల్లమ్మ. దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను కోటకీ గుడికీ మధ్య తిరిగేటప్పుడు ముందు ఏమేం నడుస్తాయో మూడు లాంతర్ల దగ్గర నిలబడ్డ ఎవర్నడిగినా చెప్తారు. పెద్దచెరువు నుంచి అమ్మవారిని పైకి తీయడానికి సాయం చేశారని బెస్తవారి వల, ఈటెలు పట్టుకున్న సైనికుల పాలధార. ఆ పాలధార కూడా ఒక అమ్మకి కాపలా దళమే, ఈటెలతో సహా. ముసుగులు మాత్రం ఉండవు. జనంలోంచి పేర్లు పెట్టి పిలుస్తుంటారు, వాళ్ళు నవ్వాపుకుంటూ నడుస్తుంటారు, ఎవరి తమ్ముడో ఎవరి అల్లుడో అందరికీ తెలుసు. పోయిన దసరాకి మా అబ్బాయి నా భుజం మీద చెయ్యేసి, "నాన్నా, వీళ్ళ చేతిలో పసుపు లైట్‌సేబర్ పెడితే ఎలా ఉంటుంది" అన్నాడు. నాన్న విని, "వొద్దురా, ఇలగే బాగుంది" అన్నాడు.

ఇంతకీ నేను కోరేవి రెండే. ఫోటో తప్పు పడిందని ఒక చిన్న సవరణ వేయండి, అవి చక్రవర్తి ఎర్ర గార్డులవని, వ్యాసంలో చెప్పినది పసుపు కత్తుల ద్వారపాలకుల గురించి అని. రెండోది, మీ వ్యాసకర్తని ఈసారి ఆ ఇంక్విజిటర్ గురించి రాయమనండి. సవరణ వేస్తే దయచేసి జిల్లా పేజీలో కాకుండా అనుబంధంలోనే వేయండి, బీరువా తలుపు మీద ఆ ఇంటూ కొట్టిన కాయితం ఇంకా అలాగే ఉంది, దాని మీద అంటించడానికి మా వాడు చూస్తున్నాడు.

ఇట్లు,
మీ పాఠకుడు,
విజయనగరం